శత్రువు డ్రోన్ నడిపింది నేనే

2024 ఎండాకాలం. మిర్యాలగూడ చుట్టుపక్కల యాసంగి కోతలు అయిపోయి, రైసుమిల్లుల ముందర వడ్ల లారీలు రోడ్డు పొడుగునా బారులు తీరిన రోజులు. నా పని డ్రోన్లు నడపడం. పంటలు ఉన్నప్పుడు త్రిపురారం దిక్కు కాలువ కింది వరి పొలాల మీద మందు కొట్టే పెద్ద డ్రోన్ నడుపుత. సూర్యాపేటల ఒక శిక్షణ కేంద్రంల కొత్తోళ్లకు నేర్పుత. పొలాలు ఖాళీ అయినంక మాత్రం ఎఫ్‌పీవీ పని ఎవరన్న ఇస్తరా అని ఎదురుచూస్త. నాకు అన్నిటికంటె ఇష్టమైన పని అదే.

ఎఫ్‌పీవీ అంటే కండ్లకు గాగుల్స్ పెట్టుకొని, డ్రోన్ ముక్కు మీది కెమెరా ఏం చూస్తే అదే చూసుకుంట నడపడం. మందు కొట్టే డ్రోన్‌ను గట్టు మీద నిలబడి, తల పైకెత్తి నడుపుతం. ఎఫ్‌పీవీల అట్ల కాదు. మనమే దాని లోపట కూసున్నట్టు ఉంటది. చేతిల పట్టేంత బండి, మోటరు సైకిల్ కంటె జోరుగ పోతది. రెండు చెట్ల నడుమ సందు కనబడితే చాలు, మనసు ముందే దూరి అవతల ఉంటది. చేతులు దాని వెనక ఉరుకుతయి.

ఆ ఎండాకాలం మొదట్ల ఒక మిల్లు యజమాని ప్రచారానికి వీడియో కావాలంటే తీసిచ్చిన. గేటు నుంచి లోపలికి వచ్చి, వడ్ల కుప్ప మీది నుంచి, గింజలను పైకి మోసే ఎలివేటర్ పక్క నుంచి, రెండు బెల్టుల నడుమ నుంచి దూరి, గోడ పైన ఉన్న చిన్న వెంటిలేటర్ల నుంచి బయటపడుడు. ఎక్కడా ఆగలేదు, కత్తిరింపు లేదు. ఆ వీడియో ఫోన్ల ఫోన్ల తిరిగి ఎక్కడెక్కడికో పోయింది.

దాన్ని చూసి వసుధ మేడం ఫోన్ చేసింది. ఆమె మెకానికల్ ఇంజనీర్. పుట్టి పెరిగింది సూర్యాపేటలనే, హైదరాబాద్‌ల సైన్యం బండ్లకు విడిభాగాలు చేసే ఒక చిన్న కంపెనీల పనిచేస్తది. వెంటిలేటర్ల నుంచి పోయినప్పుడు జోరు తగ్గించినవా అని అడిగింది. తగ్గించలేదని చెప్పిన. అప్పుడామె అన్నది:

“నేనొకటి కడుతున్న సునీతా. దాన్ని నువ్వు కొట్టాలె. నా మీద జాలి పడకుండ కొట్టాలె. అట్ల కొట్టెటోళ్లు నాకు దొరుకుతలేరు.”

మరుసటి పొద్దుగాలనే కోదాడ బస్సెక్కిన.

కోదాడల హైవే పక్కన కోటేశ్వరరావు గారికి లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. లారీకి ఇంజను, చక్రాలు ఫ్యాక్టరీ నుంచి వస్తయి గని, వెనక సామాను పెట్టే బాడీ, తలుపులు, కడ్డీలు ఇట్లాంటి షెడ్లల్లనే కడతరు. ఆ రోజు ఆయన షెడ్డుల లారీల నడుమ ఒక వింత బండి నిలబడి ఉంది. పాత టిప్పర్ చాసిస్ మీద ఇనుప రేకులు, చెక్క పలకలు కలిపి, సైనికులను యుద్ధంలకు మోసుకుపోయే కవచ బండి ఆకారం కట్టిండ్రు. కొలతల్ల అసలు బండే. ముందట డ్రైవర్ కూసునే చోటు, దాని పైన గుండ్రటి మూత. ఆ మూతను హాచ్ అంటరు. వెనక సైనికులు దిగే తలుపు. దాని మీద ఇనుప పైపులతోటి, జాలితోటి ఒక పంజరం. వాళ్ల భాషల దాని పేరు కేజ్.

ఆ బండి గురించి నాకు వివరంగ చెప్పింది యాదగిరన్న. ఆయనది సూర్యాపేట దగ్గరి ఆత్మకూర్ (ఎస్). సైన్యంల ట్యాంకు డ్రైవర్‌గ చేసి రిటైరై వచ్చి పత్తి వేసుకుంటున్నడు. ఈ పరీక్షల కోసం వసుధ మేడం ఆయనను పిలిపించుకుంది. ఆయన పెద్ద కొడుకు ఇప్పుడు అదే కొలువుల, అట్లాంటి బండి సీట్లనే కూసుంటుండు. ఆ సంగతి యాదగిరన్న ఒక్కసారే చెప్పిండు, మళ్ల ఎత్తలేదు.

కవచ బండికి ముందుభాగం అన్నిటికంటె మందం, పైభాగం అన్నిటికంటె పల్చన అని చెప్పిండు. ఎందుకంటే ఇన్నేండ్లు శత్రువు ఎదురుంగ నిలబడి కొట్టేటోడు. ఇప్పుడు వేరే దేశాల యుద్ధాల వీడియోలు చూస్తే, చేతిల పట్టే డ్రోన్‌కు బాంబు కట్టి పైనుంచి దింపుతున్నరు. పల్చన ఉన్న కాడనే చూసి కొడుతున్నరు.

“ముంగటికెల్లి వచ్చేటోన్ని మేం సూస్తం చెల్లె. నెత్తి మీదికెల్లి వచ్చేది మాకు కనపడది,” అన్నడు.

డ్రోన్‌కు వచ్చే సిగ్నల్‌ను ముంచేసే యంత్రం ఉంటది కదా, జామర్ అని, అది పెడితే సరిపోదా అని నేను అడిగిన. వసుధ మేడం నవ్వి, జామర్ కూడ ఉంటది, కాని వెంట్రుకంత సన్నటి ఫైబర్ దారం వెనక వదులుకుంట వచ్చే డ్రోన్లు వచ్చినయని, వాటికి గాలిల సిగ్నలే అక్కర లేదని చెప్పింది. అందుకే అన్నీ తప్పించుకొని వచ్చినదానికి చిట్టచివరి అడ్డం ఇనుమే. బాంబు కవచానికి తాకకముందే, దూరంగ కేజ్ మీదనే పేలిపోవాలె. ఆ దూరమే లోపలోళ్ల ప్రాణం.

నాకు అప్పటికే చేతులు దురద పెడుతున్నయి. ఆ పంజరం చుట్టూ తిరుగుకుంట, ఎక్కడ దూరుదునా అనే చూస్తున్న.

కోదాడ దగ్గరి చిలుకూరు దాటినంక పని ఆగిపోయిన ఒక రాతి క్వారీ ఉంది. పోలీసోళ్లకు చెప్పి, డ్రోన్ ఎగరేయడానికి అనుమతులు తీసుకొని, ఎర్రజెండాలు పాతి, బండిని అక్కడికి తోలినం. బాంబుల్లాంటివి ఏమీ లేవు. నా డ్రోన్ కింద చిన్న గుడ్డ సంచి, దాంట్ల గులాబి రంగు గులాల్. సంచి ఎక్కడ పగిలితే అక్కడ రంగు పడతది. కేజ్ మీద రంగు పడితే వసుధ మేడం గెలిచినట్టు, బండి ఒంటి మీద పడితే నేను గెలిచినట్టు.

మొదటిసారి పైనుంచి నేరుగ దిగిన. గాగుల్స్‌ల క్వారీ అంత గిర్రున తిరిగి, బండి అగ్గిపెట్టెంత కనబడి, అరక్షణంల కండ్ల నిండ అయింది. రంగు కేజ్ మీద పడింది. కోటేశ్వరరావు గారు చప్పట్లు కొట్టిండు. రెండోసారి అట్ల పోలేదు. నేలకు ఆనుకొని రాళ్ల నడుమ నుంచి వచ్చి, బండి వెనకకు చేరి, కేజ్ పైకప్పుకు బండి ఒంటికి నడుమ ఉన్న సందుల దూరిన. మిల్లు వెంటిలేటర్ కంటె వెడల్పే అది. తెర నల్లగ అయిపోయింది. గాగుల్స్ తీసి చూస్తే వెనక తలుపు నిండ గులాబి రంగు.

కోటేశ్వరరావు గారి చప్పట్లు ఆగినయి. నాకు లోపట గంతులేయాలని ఉంది గని, వాళ్ల మొఖాలు చూసి ఊకున్న. అప్పుడు వసుధ మేడం ఉరికొచ్చి నా భుజం పట్టుకొని, ఇది ఇక్కడ కనబడడమే నాకు కావాల్సింది అన్నది. ఆమె మొఖంల ఓడిన జాడే లేదు. ఆ మాటతోటి నా బెరుకు ఖతం అయింది. ఇగ ఆపకుండ కొట్టవచ్చు.

ఆ తర్వాతి రోజులు నా జీవితంలనే ఎక్కువ సంబరపడ్డ రోజులు అని చెప్పాలె. పొద్దుగాల నేను ఒక సందు దొరకబట్టేది, మధ్యాహ్నం దాటేలోపల కోటేశ్వరరావు గారు దాన్ని మూసేది. వెనక సందుకు చిన్న చిన్న గొలుసులు తెర లెక్క వేలాడదీసిండు. బండి కదిలితే అవి ఊగి దారి మూస్తయి. నేను పక్క నుంచి వచ్చిన. పక్కలకు జాలి వచ్చింది. అప్పుడు ఒక డ్రోన్‌తోటి జాలిని చింపి, వెంటనే రెండోది ఎగరేసి అదే రంధ్రంల నుంచి పోయిన. ఆయన నడుము మీద చేతులు పెట్టుకొని ఆ రంధ్రాన్ని చూసి, “మా ఇంట్లో దోమలు కూడా ఇంత మొండివి కాదమ్మా,” అన్నడు. అని, రెండు వరుసల జాలి కట్టిండు.

బండి ఆగి ఉంటే ఒక తీరు, కదులుతుంటే ఒక తీరు. యాదగిరన్న లోపట కూసొని క్వారీల ఆ టిప్పర్‌ను అసలు కవచ బండి లెక్కనే తోలేటోడు. వంకర్లు తిప్పి, ఒక్కసారి ఆపి, దుమ్ము లేపి, ఆ దుమ్ముల దాక్కునేటోడు. ఆ దుమ్మే నాకు అక్కరకు వచ్చింది. బండి వెనక లేచిన దుమ్ముల నుంచి వస్తే లోపలోళ్లకు కనబడది, బయటోళ్లకు కనబడది. అట్ల కొట్టిన రోజు సాయంత్రం యాదగిరన్న హాచ్ తెరిచి బయటికొచ్చి, నెత్తి మీది రంగు దులుపుకుంట, నువ్వు మన దిక్కు పుట్టడం మంచిదైందని అన్నడు. అది పొగడ్తనో భయమో నాకు అర్థం కాలేదు.

చివరికి ఒకరోజు నేను ఓడిపోయిన. వెనక తలుపు కాడ మిగిలిన ఆఖరి సందుకు కూడ వల వేసి, బైండింగ్ తీగతోటి గట్టిగ కట్టిండ్రు. పొద్దంత తిరిగిన. పైనుంచి, కింది నుంచి, దుమ్ముల నుంచి, జంటగ, ఎట్ల వచ్చినా రంగు కేజ్ మీదనే పడింది. బ్యాటరీలన్నీ అయిపోయినయి. నాకు ఓటమి అనిపించలేదు. అందరం క్వారీ నీడల కూసొని చాయ్ తాగినం. వసుధ మేడం అక్కడి నుంచే వాళ్ల కంపెనీ పెద్దలకు ఫోన్ చేసి, సిద్ధంగ ఉన్నమని చెప్పింది. సైన్యం అధికారుల ముందర చూపించే రోజు దగ్గరికొచ్చింది.

దానికి ముందటి వారం ఆఖరి పరీక్ష పెట్టుకున్నం. చిన్న డ్రోన్ కాక, బరువైనది వచ్చి మీద పడితే కేజ్ ఏమైతదో చూడాలె. నా మందు కొట్టే డ్రోన్‌కు మందు ట్యాంకు తీసేసి ఇసుక మూట కట్టినం. దాన్ని ఎత్తు నుంచి కేజ్ మీద వదలాలె. యాదగిరన్న లోపట ఉంటడు. వసుధ మేడం ఆయనను బయటనే ఉండమంది. అసలు యుద్ధంల డ్రైవర్ దిగి పక్కకు నిలబడడు కదా, దెబ్బ తగలంగనే బండిని ఎట్ల తీసుకుపోతడో చూడాలెనంటే లోపట మనిషి ఉండాలె అని ఆయన పట్టుబట్టిండు. ఆయన కూసునే చోటు పైన మందపు రేకు ఉంది. హెల్మెట్ పెట్టుకున్నడు. ఆఖరికి మేడం సరేనన్నది.

మూట వదిలిన. కేజ్ పైకప్పు కిందికి వంగింది గని తెగలేదు. మూట అక్కడనే ఆగింది. ఇంజను గుర్రుమని, బండి కదిలి, క్వారీ అవతలి చివరికి ఉరికింది. ముందుగ అనుకున్నదే అది. అందరం సంతోషంతోటి ఒకరి చేతులు ఒకరం పట్టుకున్నం. నేను పెద్ద డ్రోన్‌ను దించి, దెబ్బ ఎట్ల తగిలిందో పైనుంచి వీడియో తీయాలని చిన్న ఎఫ్‌పీవీని లేపి, గాగుల్స్ పెట్టుకొని బండి మీదికి పోయిన.

పొగ మొదట చూసింది నేనే.

డ్రైవర్ చోటు పక్క సందుల నుంచి సన్నగ, నల్లగ లేస్తుంది. తర్వాత తెలిసిందేమంటే, దెబ్బకు బండి ఒంటి రేకు ఒకటి జరిగి బ్యాటరీ వైరును కోసింది. ఇంజను నడుస్తుంటే షార్టయి అంటుకుంది. హాచ్ మూత లేసింది. బెత్తెడు లేసి ఆగింది. మళ్ల పడి, మళ్ల లేసి, అదే బెత్తెడు కాడ ఆగింది. ఆ సందుల నుంచి యాదగిరన్న వేళ్లు బయటికి కనబడ్డయి.

నేను అరిచిన. నోట్లకెల్లి మొదట మా లంబాడి తండా భాషనే వచ్చింది, ఎవరికీ సమజ్ కాలేదు. మళ్ల తెలుగుల అరిచిన. వసుధ మేడం, కోటేశ్వరరావు గారు బొలెరో ఎక్కి అటు ఉరికిండ్రు. నా కాళ్లు కూడ ఉరుకుమంటున్నయి. కాని గాగుల్స్ తీస్తే పైనుంచి చూసే కన్ను పోతది. చేతులు రిమోట్ స్టిక్కుల మీదనే ఉంచి, డ్రోన్‌ను బండి మీద నిలబెట్టి, అట్లనే నిలబడ్డ. మనిషి వేళ్లు కండ్ల ముందర అంత దగ్గరగ కనబడుతుంటే కదలకుండ నిలబడడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది.

వాళ్లు ముందు వెనక తలుపు కాడికి పోయిండ్రు. తలుపు తెరుచుకోలేదు. నేను దూరకుండ ఉండేందుకు మేమే తీగతోటి బిగించి కట్టిన వల, దెబ్బకు గొలుసులల్ల పడి చిక్కుకుంది. కట్టర్ తెద్దామంటే జనరేటర్ ఇవతల ఉంది, దాని వైరు అక్కడిదాక రాదు. మంట ఆర్పే సిలిండర్‌ను వసుధ మేడం పక్క సందుల పెట్టి కొట్టింది. పొగ కొంచెం తగ్గి మళ్ల లేసింది. కోటేశ్వరరావు గారు బొలెరోకు లాగుడు గొలుసు తగిలించి, రెండో కొస కొక్కేన్ని కేజ్ వెనక మూలకు వేయబోయిండు. వెనకకు గుంజితే మొత్తం ఊడొస్తదని ఆయన లెక్క. కింద నిలబడి చూసేటోళ్లకు ఎవరికైనా అట్లనే తోస్తది.

పైనుంచి చూస్తున్న నాకు వేరే కనబడింది. హాచ్‌కు అడ్డం పడింది ఒక్కటే పైపు. వంగి, ఎడమ కొస మూత మీద కూసుంది. కుడి కొసను ముందటి అతుకు ఇంకా పట్టుకొని ఉంది. వెనకకు గుంజితే ఆ పైపు ఇంకింత మూత మీదికి జరుగుతది. తలకు తగిలించుకున్న వాకీటాకీ మైకుల గట్టిగ చెప్పిన:

“ఎనకకు గుంజొద్దు. కుడిదిక్కు ముంగటి అతుక్కు ఎయ్యిండ్రి. దాన్ని పక్కకు గుంజితే సాలు.”

కోటేశ్వరరావు గారు ఒక్క క్షణం తల ఎత్తి నా డ్రోన్ దిక్కు చూసిండు. మళ్ల అడగలేదు. కొక్కెం తీసి వసుధ మేడంకు అందిచ్చిండు. ఆమె చెప్పులు వదిలేసి బండి మీదికి ఎక్కి, పొగల మొఖం పక్కకు తిప్పుకొని, నేను “ఇంకా ముంగటికి, ఇంకా, అదే” అంటుంటే ఆ అతుకుకు కొక్కెం వేసి కిందికి దుంకింది. కోటేశ్వరరావు గారు బొలెరోను కుడిదిక్కు తోలిండు. గొలుసు బిగిసింది. అతుకు ఊడి, పైపు ఎగిరి రాళ్ల మీద పడింది. హాచ్ మూత తనకు తానే వెనకకు పడ్డది. యాదగిరన్న నడుము దాక బయటికొచ్చి, అక్కడ బలం సాలక ఆగిండు. ఇద్దరు కలిసి చంకల చేతులేసి ఆయనను బయటికి గుంజిండ్రు.

ఆయన నేల మీద కూసొని దగ్గుతుండడం చూసినంకనే నేను గాగుల్స్ తీసిన. బ్యాటరీ అయిపోయి డ్రోన్ క్వారీ గుంతల నీళ్లల్ల పడింది. పడితే పడింది అనుకున్న. ఆ తర్వాత ఉరికిన.

కోదాడ దవాఖానల ఆక్సిజన్ పెట్టి, రాత్రి ఉంచుకొని పంపుతమని అన్నరు. పానం బాగనే ఉంది, చేతులు కొంచెం కాలినయి. వసుధ మేడం మంచం పక్కన స్టూల్ మీద కూసొని తలెత్తలేదు. అధికారులకు చూపించేది రద్దు చేస్తనని, అసలు ఈ పనే వదిలేస్తనని మెల్లగ అన్నది. ఆమె చీర కొంగు నిండ మసి. యాదగిరన్ననే మాస్క్ పక్కకు జరిపి మాట్లాడిండు.

“మేడం, మా దాంట్ల బాంబు తాకి పోయినోళ్ల ముచ్చటకంటె, మూత తెరుసుకోక పోయినోళ్ల ముచ్చటనే ఎక్కువ చెప్పుకుంటరు. ఇయ్యాల గిది నాకైంది గన్క మీకు తెలిసింది. నా కొడుక్కు అయితే మీకెవరు చెప్తరు?”

ఆమె లేచి బయటికి పోయి కంపెనీకి ఫోన్ చేసింది. చూపించే తేదీని వాయిదా వేయమని అడిగింది. అవతల గొడవ పెట్టుకున్నరని ఆమె గొంతును బట్టి మాకు తెలిసింది. కారణం మాత్రం దాచలేదు. మా కేజ్‌ల మనిషి చిక్కుకున్నడని ఉన్నదున్నట్టు చెప్పింది. చివరికి సరే అన్నరు.

మళ్ల మొదటి నుంచి మొదలుపెట్టినం. ఈసారి కేజ్‌ను ఒకే పంజరం లెక్క కాకుండ ముక్కలు ముక్కలుగ గీసింది మేడం. హాచ్ మీద వచ్చే ముక్క వేరే, వెనక తలుపు మీద వచ్చే ముక్క వేరే. వంగినా సరే, లోపలి నుంచి ఒక పట్టీ గుంజితే పిన్ను ఊడి ఆ ముక్క బయటిదిక్కు పడిపోవాలె. పిన్ను ఎక్కడ పెట్టాలెనో ఆమె లెక్క కట్టింది. లారీ వెనక తలుపుకు వేసే కీలు, బరువు మీద పడ్డప్పుడు కూడ తిరిగేది, కోటేశ్వరరావు గారు తెచ్చి బిగించిండు. మొదటిది బిగుసుకుపోయింది. రెండోది మరీ వదులై బండి గుంతల పడంగనే దానంతట అదే ఊడింది. ఆయన ఇంటికి పోకుండ షెడ్డులనే మూడోది తయారు చేసిండు.

ఇంకొకటి కూడ మారింది. ప్రతి దాడి తర్వాత, రంగు ఎక్కడ పడిందో చూసేకంటె ముందు, లోపలి మనిషి బయటికి రావాలె. అది మేడం పెట్టిన నియమం. ఆ లోపలి మనిషి ప్రతిసారి యాదగిరన్ననే ఎందుకు కావాలె అని కూడ ఆమెనే అడిగింది. అట్ల అందరం కూసున్నం. మేడం, కోటేశ్వరరావు గారు, తర్వాత నేను. నేను కూసున్ననాడు నాతో పాటు సూర్యాపేటల నేర్పే రమేష్ వచ్చి డ్రోన్ నడిపిండు.

లోపట ఇనుము ఎండకు పెనం లెక్క ఉంది. ముందట చిన్న అద్దం, దాంట్ల రాళ్లు తప్ప ఏమీ కనబడవు. అప్పుడు ఆ చప్పుడు మొదలైంది. నేను రోజూ వినే చప్పుడే. చెవిల పోరు పెట్టే సన్నటి మోత. బయట ఉన్నప్పుడు ఆ మోత వింటే నాకు పండుగ. లోపట అది ఎడమదిక్కు ఉందో, వెనక ఉందో, నెత్తి మీద ఉందో తెలియలేదు. అన్ని దిక్కుల నుంచి వచ్చినట్టే ఉంది. రమేష్ ఎట్ల నడుపుతడో నాకు తెలుసు, సంచిల గులాలే ఉందని తెలుసు. అయినా మెడ భుజాలల్లకు ముడుచుకుపోయింది. దెబ్బ పడ్డది. పట్టీ గుంజిన. పిన్ను ఊడి, కేజ్ ముక్క పక్కకు పడి, నెత్తి మీద నీలం ఆకాశం కనబడింది. నేను ఎక్కి వచ్చిన తీరు చూసి యాదగిరన్న నవ్విండు. ఆ రోజే మొదటిసారి ఆయన కొడుకు పేరు అడిగి తెలుసుకున్న.

ఆఖరికి అధికారుల ముందర చూపించే రోజు వచ్చింది. అది ఎక్కడ, ఎవరు వచ్చిండ్రు అనేది నేను చెప్పకూడదు. ఈసారి కేజ్‌ను అసలు కవచ బండికే బిగించిండ్రు, తోలింది అసలు సైనికులు. నేను మాత్రం పాత శత్రువునే. అధికారులల్ల ఒక పెద్దాయన వచ్చి, ఏ దిక్కు నుంచైనా, ఎట్లైనా కొట్టుకోమన్నడు. కొట్టిన. మనసు పెట్టి, ఇన్ని రోజుల్ల నేర్చుకున్నదంత పెట్టి కొట్టిన. గాలి తోడుంది, దుమ్ము తోడుంది. అన్నీ కేజ్ మీదనే పడ్డయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి బండి మలుపు తిరిగినప్పుడు ముందటి చక్రాల కాడ దూరింది.

లోపలికి ఏమన్న పోయిందా అని పెద్దాయన అడిగిండు. వసుధ మేడం, పోయింది సార్, ఒకటి పోయింది అని చెప్పి, తానే ముందు నడిచి ఆ గులాబి మరకను చూపించింది. ఆయన వంగి చూసిండు. తర్వాత కేజ్ పైకప్పు మీద బరువు పడేయించిండు. అది వంగింది. లోపలోళ్లను బయటికి రమ్మన్నడు.

కేజ్ ముక్క ఊడి పక్కకు పడ్డది, హాచ్ తెరుచుకుంది, డ్రైవర్ వచ్చిండు. వెనక తలుపు తెరుచుకొని మిగిలినోళ్లు దిగిండ్రు. యాదగిరన్న నా పక్కన నిలబడి, పెదవులు కదిలించుకుంట లోపల్లోపల ఏదో లెక్క పెడుతున్నడు. అందరు దిగినంక ఆయన పెదవులు ఆగినయి. ఆ పెద్దాయన అంతటితోటి ఊకోలేదు. ఊడిన ముక్కను మళ్ల బిగించమని చెప్పి, టోపీ తీసి పక్కోళ్లకిచ్చి, తాను లోపటికి దిగి, మూత వేసుకొని, పట్టీ గుంజి బయటికి వచ్చిండు. మోకాలు దులుపుకుంట, ముందటి చక్రం కాడి సందు మూసుకొని మళ్ల రండి, పెద్ద పరీక్షలకు పెడతం అని మేడంతోటి అన్నడు. వాపసొచ్చే దారిల బొలెరోల ఎవరం ఒకరి మాట ఒకరం విననీయలేదు, అందరం ఒకేసారి మాట్లాడినం. కోటేశ్వరరావు గారు చక్రాల కాడ ఏం కట్టాలెనో స్టీరింగ్ మీదనే వేలితోటి గీసి చూపించుకుంట తోలిండు.

ఆ చక్రాల సందు మూయడానికి మాకు వానకాలం అంత పట్టింది. బండి ఇంకా పరీక్షలల్లనే ఉంది. ఎప్పుడు ఎక్కడ బిగిస్తరో మాకు చెప్పరు, మేం అడగం. వసుధ మేడం అప్పుడప్పుడు ఫోన్ చేస్తది. ఆమె ఫోన్ వచ్చిందంటే నా డ్రోన్లకు మళ్ల పని పడ్డట్టే.

ఇన్నేండ్ల పనిల ఎన్నో ఎగరేసిన గని, ఎవరన్న మరిచిపోలేని అనుభవం చెప్పమంటే నేను ఇదే చెప్త. అడ్డం కట్టేటోళ్లకు నిజంగ కొట్టేటోళ్లు కావాలె, మొహమాటపడి కొడితే ఆ అడ్డం అబద్ధమైతది. ఇది నాకు మొదటి వారంలనే తెలిసింది. రెండోది తెలవడానికి యాదగిరన్న చేతులు కాలవలసి వచ్చింది. నేను దూరిన ప్రతి సందును మూసుకుంట పోయి, మనిషి బయటికొచ్చే సందును కూడ మూసేసినం. ఆ పొద్దు చాయ్ తాగుకుంట మేం గెలిచినమని అనుకున్నది, నిజానికి ఆ తలుపు మూసుకుపోయిన రోజే.

ఇప్పుడు సూర్యాపేట శిక్షణ కేంద్రం ఆవరణల కోటేశ్వరరావు గారు కట్టిచ్చిన చిన్న ఇనుప కేజ్ ఒకటి ఉంది. ఎఫ్‌పీవీ నేర్చుకునేందుకు వచ్చినోళ్లను ముందు దాంట్ల కూసోబెట్టి, మీది నుంచి నేను డ్రోన్ దింపుత. తర్వాత బయటికి రమ్మంట. వచ్చినోళ్లు ఎవరూ మొదట డ్రోన్ గురించి అడగరు. తలుపు గురించే అడుగుతరు.